రెండు వైపులా బొమ్మే: జెనోబియా కొడుకు నాణెం కొన్నాక నా రివ్యూ

తూర్పు దేశాల ప్రాచీన రాజుల నాణేల్లో ఒక్కటి కొనాలనుకుంటే ఏది కొనాలి అని అడిగేవాళ్ళకి నా దగ్గర ఇప్పుడు ఒకటే సమాధానం: సిరియా ఎడారిలోని పాల్మైరా నగరపు కుర్రరాజు వాబల్లాథుస్ (రాణి జెనోబియా కొడుకు), రోమ్ చక్రవర్తి ఆరేలియన్, ఇద్దరి ముఖాలూ చెరో వైపు ఉన్న నాణెం. క్రీ.శ. 270–272 మధ్య ఆంటియోక్ టంకశాలలో కొట్టింది. నాకు 185 డాలర్లు పడింది, ఇన్సూరెన్స్‌తో పోస్టేజీ వేరే. ఇంకా తక్కువకి కూడా దొరుకుతుంది కానీ నేను ఆ ధరకే ఎందుకు కొన్నానో కింద చెప్తాను, ఎందుకంటే ఈ రివ్యూలో అసలు సంగతి అదే.

ముందు వస్తువు గురించి. సైజు దాదాపు మన రూపాయి బిళ్ళంత, కాస్త తక్కువ కూడా ఉండొచ్చు, బరువు నా దానిది 3.6 గ్రాములు. పూర్తి గుండ్రంగా ఉండదు, ఒక వైపు అంచు కొంచెం లోపలికి నొక్కుకుపోయి ఉంటుంది, ఇంకో వైపు చిన్న పగులు, సుత్తి దెబ్బకి బిళ్ళ చీలినప్పుడు పడేది. రంగు ముదురు గోధుమ, అక్షరాల సందుల్లో మాత్రం ఇంకా వెండి మెరుపు సన్నగా కనిపిస్తుంది. పేరుకే వెండి నాణెం అనాలి, నిజానికి రాగిలో నూటికి కొద్ది పాళ్ళే వెండి కలిపి పైన వెండి పూతలాగా తేలేట్టు చేశారు. ఆ కాలంలో రోమ్ ఖజానా ఎంత ఖాళీగా ఉందో తెలియాలంటే ఏ చరిత్ర పుస్తకమూ అక్కర్లేదు, ఈ నాణెం పట్టుకుంటే చాలు.

ఒక వైపు ఆరేలియన్. సూర్యకిరణాల్లాంటి ముళ్ళ కిరీటం, పొట్టి జుట్టు, పొట్టి గడ్డం, కవచం. మెడ కింద ఒక చిన్న గ్రీకు అక్షరం ఉంటుంది, నా దాంట్లో గామా. చుట్టూ లాటిన్‌లో ఇంపరేటర్ సీజర్ ఆరేలియనుస్ ఆగస్టుస్ అని పొట్టి అక్షరాల్లో. తిప్పితే ఇంకో ముఖం, లేతగా, తల మీద లారెల్ ఆకుల దండ, జుట్టు మెడ మీదికి దట్టంగా దిగి ఉంటుంది. ఈ కుర్రాడే వాబల్లాథుస్, జెనోబియా కొడుకు. వాడి పేరు పక్కన వి, సి, ఆర్, ఐ, ఎమ్, డి, ఆర్ అని వరసగా అక్షరాలు.

ఈ అక్షరాల కోసమే నేను ఈ నాణెం కొన్నాను. ఒకటో రెండో అక్షరాలకి ఒక్కో బిరుదు. మాన్యుడు, రాజు, సేనాపతి (ఇంపరేటర్), రోమన్ల దళాధిపతి. అన్నీ ఉన్నాయి, ఆగస్టుస్ అనే మాట ఒక్కటే లేదు. చక్రవర్తి అని చెప్పుకోవాలంటే ఆ ఒక్క మాట ఉండాలి. అది అవతలి వైపు ఆరేలియన్‌కి ఉంది, ఇటు వైపు కుర్రాడికి లేదు. కానీ మిగతావన్నీ చూస్తే చక్రవర్తికి ఇంక ఎంత దూరంలో ఉన్నట్టు? ఇంపరేటర్ అనే మాట అప్పటికే చక్రవర్తులు తప్ప ఇంకెవరూ పెట్టుకోనిది. అమ్మగారి ఆస్థానంలో ఎవరో కూర్చుని, ఎంత వరకు వెళ్ళొచ్చు, ఎక్కడ ఆగాలి అని అక్షరం అక్షరం లెక్కేసి రాయించినట్టు ఉంటుంది.

కథ తెలియనివాళ్ళకి క్లుప్తంగా. క్రీ.శ. 260లో రోమ్ చక్రవర్తి వలేరియన్‌ని పర్షియా రాజు మొదటి షాపూర్ యుద్ధంలో బందీగా పట్టుకున్నాడు. అంతకుముందు ఏ రోమన్ చక్రవర్తికీ అలా జరగలేదు. అప్పుడు తూర్పు సరిహద్దుని నిలబెట్టింది రోమ్ సైన్యం కంటే సిరియా ఎడారిలోని పాల్మైరా నగర నాయకుడు ఓడెనాథుస్. ఒంటెల బిడారుల వ్యాపారంతో బతికిన ఊరు అది. ఆయన్ని 267–268 ప్రాంతంలో చంపేశారు. కొడుకు చిన్నపిల్లవాడు, కాబట్టి పెత్తనం తల్లి జెనోబియా చేతికి వచ్చింది. 270లో ఆమె సైన్యం ఈజిప్టులోకి వెళ్ళింది. రోమ్ నగరానికి తిండిగింజలు వచ్చేది ఈజిప్టు నుంచి, కాబట్టి ఇది ఎంత పెద్ద సంగతో ఊహించుకోండి. అదే ఏడాది గద్దెనెక్కిన ఆరేలియన్ ఇటు ఇటలీలో, డాన్యూబ్ తీరంలో తెగల దాడులతో ఊపిరాడకుండా ఉన్నాడు. కాబట్టి కొన్నాళ్ళు చూసీచూడనట్టు ఊరుకున్నాడు. ఆ ఊరుకున్న రోజుల్లో పుట్టిందే ఈ నాణెం.

ఇప్పుడు ఇందులో నాకు బాగా నచ్చిన విషయం. మామూలుగా నాణేనికి ఒక బొమ్మ, ఒక బొరుసు. ఇక్కడ రెండూ బొమ్మలే, మరి బొరుసు ఎవరు? ఆరేలియన్ మెడ కింద చిన్న అక్షరం ఉందన్నాను కదా, అది టంకశాలలో ఏ విభాగం కొట్టిందో చెప్పే గుర్తు. గామా అంటే మూడో విభాగం. ఆ కాలపు పద్ధతిలో ఆ గుర్తు వేసేది సాధారణంగా బొరుసు వైపు. అంటే లెక్క ప్రకారం చక్రవర్తి వెనక వైపు ఉన్నాడు, పాల్మైరా కుర్రాడు ముందు వైపు ఉన్నాడు! మామూలు జనం చూస్తే మాత్రం ముళ్ళ కిరీటం పెట్టుకున్న చక్రవర్తే ముందు అనుకుంటారు. కేటలాగుల్లో కూడా రెండు రకాలుగానూ రాసి ఉంటుంది. రోమ్ నుంచి ఎవరైనా అడిగితే మేం చక్రవర్తినే గౌరవించాం అని చెప్పుకోవచ్చు, టంకశాల లోపలివాళ్ళకి మాత్రం అసలు సంగతి తెలుసు. నాకు ఇది కావాలనే చేసినట్టు అనిపిస్తుంది. ఇంత చిన్న బిళ్ళ మీద ఇంత రాజకీయం ఇమిడిన నాణెం ఈ ధరలో నాకు ఇంకోటి కనపడలేదు.

ఇదే సమయంలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియా టంకశాల కూడా ఇద్దరి బొమ్మలతో నాణేలు కొట్టింది. అక్కడ గ్రీకులో రాస్తారు, పాలన సంవత్సరం కూడా వేస్తారు. ఆరేలియన్ వైపు ఒకటో సంవత్సరం, వాబల్లాథుస్ వైపు నాలుగో సంవత్సరం! మరుసటి ఏడు రెండు, అయిదు. తండ్రి చనిపోయినప్పటి నుంచీ కుర్రాడే రాజు అని లెక్క. చక్రవర్తి కంటే మావాడే సీనియర్ అని అంకెల్లో చెప్పడం అన్నమాట. అవి మందంగా, చిన్నగా ఉంటాయి, వాటికి వేరే అభిమానులున్నారు.

272 వచ్చేసరికి ఆరేలియన్ సైన్యంతో తూర్పుకి బయల్దేరాడు. అప్పుడింక దాచడానికేముంది, వాబల్లాథుస్ ఒక్కడి బొమ్మతో ఆగస్టుస్ అని, జెనోబియా బొమ్మతో ఆగస్టా అని నాణేలు వచ్చాయి. అవి కొన్ని వారాలో నెలలో మాత్రమే కొట్టి ఉంటారు. ఆంటియోక్ దగ్గర ఇమ్మేలో, తర్వాత ఎమెసా దగ్గర పాల్మైరా సైన్యం ఓడిపోయింది. నగరం లొంగింది, 273లో మళ్ళీ తిరగబడితే ఆరేలియన్ దాన్ని నాశనం చేశాడు. జెనోబియాని రోమ్‌లో విజయ ఊరేగింపులో నడిపించారని కొందరు పాత రచయితలు రాశారు, దారిలోనే పోయిందని ఇంకొకరు రాశారు.

అందువల్ల జెనోబియా బొమ్మ ఉన్న నాణేలు నిజంగా అరుదు. వాటి జోలికి మాత్రం మొదటిసారి కొనేవాళ్ళు వెళ్ళొద్దు. వేల డాలర్ల వ్యవహారం, దానికి తగ్గట్టే నకిలీలూ ఉంటాయి. పేరు వినగానే కొనేసేవాళ్ళు ఉన్నారు కాబట్టి, వేరే రాణి నాణెం మీద అక్షరాలు చెక్కి జెనోబియా చేసే అవకాశం కూడా ఎప్పుడూ ఉంటుంది. ఎవరైనా మూడు నాలుగొందల డాలర్లకి జెనోబియా అని చెప్తే అది కొనకండి, అంతే. కొడుకు నాణెంలో ఆవిడ కథ మొత్తం ఉంది, పైగా కొడుకు బొమ్మ వెనక నడిపించిన చెయ్యి ఆవిడదే కదా.

కండిషన్ సంగతి. ఈ నాణేల్లో ఎక్కువ భాగం పెద్దగా అరిగిపోయి ఉండవు, కానీ సరిగ్గా కొట్టి ఉండవు. హడావుడిగా కొట్టినట్టుంది, అచ్చు ఒక పక్కకి జరిగి అక్షరాలు బిళ్ళ బయటికి పోతాయి. కాబట్టి వెతికేటప్పుడు ఆరేలియన్ ముఖం ఎంత అందంగా ఉంది అన్నది చూడకండి, కుర్రాడి వైపు ఆ బిరుదుల అక్షరాలు అన్నీ ఉన్నాయా లేవా అన్నది చూడండి. నేను వదిలేసిన వాటిలో ముఖాలు దీని కంటే బాగున్నవి ఉన్నాయి, కానీ బిరుదులు సగంలో తెగిపోయాయి. నా దాంట్లో చివరి ఆర్ కాలు ఒకటి అంచు మీద నుంచి పోయింది, మిగతా అన్నీ చదవొచ్చు. ఆరేలియన్ ముక్కు కొంచెం చదునైంది, నాకు ఫర్వాలేదు.

ఫొటోల విషయంలో జాగ్రత్త. స్క్రీన్ మీద అరచేయంత పెద్దగా కనిపించేది చేతికొచ్చాక బొటనవేలి గోరు కంటే కొంచెం పెద్దదంతే. అమ్మేవాళ్ళు పక్క నుంచి గట్టి లైటు కొట్టి తీస్తారు, అందులో ప్రతి గీతా లేచి కనిపిస్తుంది. చేతిలో పట్టుకుని మామూలు వెలుగులో తీసిన వీడియో పంపమని అడగండి. మంచి డీలరైతే పంపిస్తాడు. నేను కొన్నాయన అడిగిన రోజే పంపాడు, అంచు చుట్టూ తిప్పి మరీ చూపించాడు, అది నాకు చాలా నచ్చింది. అంచు చూడటం ఎందుకంటే పోత పోసిన నకిలీలకి అంచు మీద రెండు సగాలు కలిసిన సన్నటి గీత ఉండొచ్చు, దాన్ని ఆకురాయితో రుద్దితే ఆ రుద్దిన గుర్తులైనా ఉంటాయి. ఉపరితలం మీద సూది గుచ్చినట్టు బుడగల గుంటలు, అక్షరాల మొదళ్ళు సబ్బులాగా మెత్తగా ఉండటం, ఇవన్నీ పోత గుర్తులు. సుత్తితో కొట్టిన నాణెంలో అక్షరం మొదలు పదునుగా ఉంటుంది, లోహం పక్కకి పారినట్టు సన్నటి చారలు ఉంటాయి. పది రెట్లు పెద్దదిగా చూపించే భూతద్దం తప్పనిసరి, ఖర్చు చాలా తక్కువ.

ఇక ఫిర్యాదు ఒకటి. నాణెం మెత్తటి ప్లాస్టిక్ సంచిలో వచ్చింది. ఆ మెత్తదనం కోసం కలిపే రసాయనం నెమ్మదిగా బయటికి వచ్చి రాగి మీద ఆకుపచ్చ జిగురులా పడుతుంది. పద్దెనిమిది వందల ఏళ్ళకి దగ్గరగా బతికిన వస్తువుని పది సెంట్ల సంచి పాడుచేయడం ఏమిటి? చాలామంది డీలర్లు ఇదే చేస్తారు, తెలిసి కూడా. రాగానే తీసి గట్టి ప్లాస్టిక్ డబ్బాలోకో కాగితపు కవర్‌లోకో మార్చండి. గుంటల్లో లేత ఆకుపచ్చ పొడి కనిపిస్తే, గోటితో తాకితే రాలిపోయేలా ఉంటే, అది మామూలు చిలుము కాదు, లోహాన్ని లోపల నుంచి తినేసే రకం. అలాంటిది కొనకండి. నున్నగా, గట్టిగా ఉన్న ముదురు పచ్చ పొర అయితే భయం లేదు, దాన్ని గీకొద్దు కూడా. మా ఇంటికి వచ్చిన చుట్టం ఒకాయన చింతపండుతో తోమితే తళతళ మెరుస్తుంది కదా అన్నారు. దయచేసి చింతపండు జోలికి వెళ్ళకండి.

వేరే రాజుల నాణేలతో పోల్చి చెప్పమంటారా, నేను కొనేముందు చూసినవి చెప్తాను. అందరి కంటే అందమైనది అర్మేనియా రాజు టైగ్రేనెస్ పెద్ద వెండి నాణెం. అయిదు మొనల కిరీటం, దాని మీద రెండు గద్దల మధ్య నక్షత్రం, వెనక వైపు బండ మీద కూర్చున్న ఆంటియోక్ నగర దేవత, ఆమె పాదాల కింద ఈదుతున్న మనిషి రూపంలో ఒరాంటెస్ నది. క్రీ.పూ. 83లో ఆయన సిరియాని ఆక్రమించాడు, 69లో రోమన్ సేనాపతి లుకుల్లుస్ చేతిలో ఓడాక అదంతా పోయింది. నాకు కన్ను దాని మీదే ఉండేది. కానీ ధర ఎక్కువ, దానికి తోడు నకిలీలు చాలా బాగా చేస్తున్నారు, అచ్చులే కొత్తగా చెక్కి కొట్టినవి, వాటిని భూతద్దంతో నాలాంటి వాడు పట్టుకోలేడు.

పార్థియా (ప్రాచీన ఇరాన్) రాజుల డ్రాక్మ్‌లు, అంటే గ్రీకు పద్ధతి వెండి నాణేలు, నాలుగు గ్రాముల లోపు ఉంటాయి, మంచి వెండి, చాలా ఎక్కువ దొరుకుతాయి, డబ్బుకి న్యాయం జరిగేది నిజానికి వాటిలోనే. క్రీ.పూ. 53లో కర్రే దగ్గర రోమన్ ధనవంతుడు క్రాసుస్‌ని మట్టికరిపించిన సైన్యం ఏ రాజుదో ఆ రెండో ఒరోడెస్ నాణెం వంద డాలర్ల చుట్టూ చూశాను. ముందు ఎడమకి తిరిగిన రాజు, వెనక విల్లు పట్టుకుని కూర్చున్న విలుకాడు, చుట్టూ గ్రీకు అక్షరాలు. తరాలు గడిచేకొద్దీ ఆ గ్రీకు చదవడానికి వీల్లేకుండా వట్టి గీతలైపోతుంది, చెక్కేవాడికి ఆ భాష రాదని తెలిసిపోతుంది. వెండి కావాలి, బరువు కావాలి అనుకునేవాళ్ళు ఇది తీసుకోండి. ఇంకా తక్కువలో అయితే పెట్రా నుంచి ఏలిన నబాటియన్ రాజు నాలుగో అరెటాస్, ఆయన రాణి షకీలత్ పక్కపక్కన ఉన్న చిన్న రాగి నాణేలు. అవి ఎక్కువగా అరిగిపోయి ఉంటాయి, ఓపిక ఉన్నవాళ్ళకి.

మన వైపు మనసు లాగేది మాత్రం ఇండో గ్రీకు నాణేలు, అది ఒప్పుకోవాలి. బౌద్ధ గ్రంథంలో మిళిందుడిగా మనకి తెలిసిన మెనాండర్ వెండి డ్రాక్మ్ మీద ఒక వైపు గ్రీకులో రాజు రక్షకుడు మెనాండర్ అని, ఇంకో వైపు అదే మాట ఖరోష్ఠీ లిపిలో ప్రాకృతంలో ఉంటుంది. దానికి ముందటి రాజు అగాథోక్లెస్ అయితే బ్రాహ్మీలో కూడా రాయించాడు. ఆయన నాణెం మీద గ్రీకు పేరు పక్కన పెట్టుకునే 1836లో క్రిస్టియన్ లాసెన్ అనే పండితుడు బ్రాహ్మీ అక్షరాలు కొన్ని పోల్చగలిగాడు, ఆ తర్వాత జేమ్స్ ప్రిన్సెప్ ఆ లిపి మొత్తం చదివాడు. మన తెలుగు లిపి ఆ బ్రాహ్మీ నుంచి వచ్చిందే, కాబట్టి ఆ నాణెం మీద నాకు వేరే గౌరవం. అగాథోక్లెస్ నాణేల్లోనే వాసుదేవుడు, సంకర్షణుడు ఉన్నవి కొన్ని అఫ్గానిస్తాన్‌లోని ఐ ఖనూమ్ తవ్వకాల్లో 1970లో దొరికాయి, అవి మ్యూజియం వస్తువులు, కొనే మాట లేదు. మెనాండర్ మాత్రం కొనొచ్చు, కానీ వాటిలో ఎక్కువ అఫ్గానిస్తాన్, పాకిస్తాన్ నేలలోంచి వచ్చేవే. అక్కడే నాకు కాళ్ళు ఆగిపోయాయి.

అసలు సంగతికి ఇప్పుడు వస్తున్నాను. ఈ నాణెం ఎక్కడ దొరికింది, ఎప్పుడు దొరికింది, ఎవరి చేతులు మారి వచ్చింది? ఈ ప్రశ్న అడగకుండా తూర్పు నాణేలు కొనకండి. 2015లో పాల్మైరాలో ఏం జరిగిందో మనం టీవీలో చూశాం. ఐసిస్ ఉగ్రవాదులు బాల్‌షమీన్ గుడి, బేల్ గుడి పేల్చేశారు. నలభై ఏళ్ళు ఆ ఊరి పురావస్తువులని చూసుకున్న ఖాలెద్ అల్ అసాద్, ఎనభై దాటిన మనిషి, వస్తువులు ఎక్కడ దాచారో చెప్పలేదని ఆగస్టులో తల నరికి చంపారు. ఆయన తన కూతురికి జెనోబియా అని పేరు పెట్టుకున్నారు. సిరియా అంతర్యుద్ధంలో ఆ దేశమంతటా గునపాలతో, యంత్రాలతో తవ్విన గుంతలు ఉపగ్రహ చిత్రాల్లో కూడా కనిపించాయి. ఆ గుంతల్లోంచి వచ్చిన వాటిలో నాణేలే తేలిగ్గా జేబులో పట్టేవి, తేలిగ్గా దేశాలు దాటేవి. ఆ మనిషి ప్రాణం పెట్టి కాపాడిన ఊరి రాజు బొమ్మని నేను దొంగసొమ్ముగా కొని టేబుల్ మీద పెట్టుకోవడం నావల్ల కాదు.

మొదట చూసిన ఒక డీలర్ని, పేరు అనవసరం, ఇది ఎక్కడిది అని అడిగాను. పాత యూరప్ సేకరణ అన్నాడు. ఎవరి సేకరణ, ఏ దేశం, ఏదైనా కాగితం, పాత కవర్, వేలం రసీదు? అడిగినకొద్దీ జవాబులు పొట్టిగా అయ్యాయి, చివరికి నాణెం అసలైనదే, గ్యారంటీ ఇస్తాను అన్నాడు. అసలైనదే, అదే కదా సమస్య! నిన్న తవ్వి తీసింది కూడా అసలైనదే. ధర మంచిదే, నాణెం మంచిదే, వదిలేశాను.

నేను కొన్నది 1980ల నాటి ఒక వేలం కేటలాగులో ఫొటోతో సహా ఉంది. డీలర్ ఆ పేజీ స్కాన్ పంపాడు, నలుపు తెలుపు ఫొటో, చిన్నది. నాణెం వచ్చాక ఆ ఫొటో పక్కన పెట్టుకుని భూతద్దంతో పోల్చాను. గడియారంలో నాలుగు గంటల దగ్గర పగులు, అది అక్షరం మధ్య నుంచి వంకరగా పోయే తీరు, కుర్రాడి భుజం వెనక ఉన్న చిన్న గుంట, నొక్కుకుపోయిన అంచు, అన్నీ సరిపోయాయి. ఒకే అచ్చుతో కొట్టిన నాణేలు చాలా ఉండొచ్చు, కానీ బిళ్ళ చీలిన తీరు రెండింటికి ఒకేలా ఉండదు, అది వేలిముద్ర లాంటిది. అంటే ఇది 1980లకే భూమి బయట ఉంది, ఈ యుద్ధపు గుంతల్లోది కాదు. ఆ స్కాన్ కోసమే నేను ఎక్కువ ఇచ్చాను, అలాంటి కాగితం లేని వాటి కంటే దాదాపు అరవై డెబ్బై డాలర్లు ఎక్కువ. పూర్తిగా న్యాయమైన ధర అని నా ఉద్దేశం.

చట్టం కూడా ఇటే ఉంది. అమెరికా 2016 ఆగస్టు నుంచి సిరియా పురావస్తువుల దిగుమతి మీద ఆంక్షలు పెట్టింది, 2011 మార్చి తర్వాత అక్రమంగా బయటికి వచ్చిన వాటిని ఆపడానికి. అఫ్గానిస్తాన్ వస్తువులకి 2022లో పెట్టారు. వాబల్లాథుస్ నాణేలతో చిక్కు ఏమిటంటే కొట్టిన ఆంటియోక్ ఇప్పటి టర్కీలో అంటాక్యా, చలామణీ అయింది సిరియా, లెబనాన్ అంతటా, కాబట్టి కాగితం లేకపోతే ఏ దేశం నేలలోదో ఎవరూ చెప్పలేరు. ఇండియాలో ఉన్నవాళ్ళు ఇంకోటి గుర్తుపెట్టుకోండి, 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన నాణెం పురావస్తువే. అమ్మే వ్యాపారికి లైసెన్సు ఉండాలి, ప్రైవేటు వ్యక్తులు దాన్ని దేశం బయటికి పంపకూడదు. హైదరాబాద్‌లో కొని అమెరికాలో ఉన్న తమ్ముడికి గిఫ్టుగా పంపిద్దాం అనుకునేవాళ్ళు ఆ ఆలోచన మానుకోండి.

కొనేముందు సరిచూసుకోవడానికి డబ్బులేమీ పెట్టక్కర్లేదు. రోమన్ చక్రవర్తుల నాణేలకి అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ వాళ్ళ ఆన్‌లైన్ కేటలాగు ఓక్రే ఉచితం, అందులో ఆరేలియన్ కింద ఆర్ఐసీ 381 అని (అది కేటలాగు నంబరు) వెతికితే ఈ నాణెం వస్తుంది, మ్యూజియాల్లో ఉన్న వాటి ఫొటోలతో. అలెగ్జాండ్రియా రకాలకి ఆక్స్‌ఫర్డ్ వాళ్ళ ఆర్‌పీసీ ఆన్‌లైన్ కేటలాగు ఉంది, అదీ ఉచితమే. అమ్మేవాడు పెట్టిన ఫొటో పక్కన మ్యూజియం ఫొటోలు పెట్టుకుని అక్షరాల ఆకారం, ముఖాల తీరు చూస్తూ పోతే కొన్ని రోజుల్లో కన్ను తేలిగ్గా అలవాటు పడుతుంది. నాకు ఈ వెతుకులాటే కొనడం కంటే ఎక్కువ సంతోషం ఇచ్చింది.

ఇంకో ప్రశ్న చాలామంది అడుగుతారు, పెట్టుబడిగా ఎలా ఉంటుంది అని. పెట్టుబడికి బంగారం కొనుక్కోండి. డీలర్‌కి తిరిగి అమ్మితే కొన్న ధర రాదు, వేలంలో పెడితే కమిషన్ పోతుంది. అయితే కాగితం ఉన్న నాణెం ముందు ముందు అమ్ముకోవడం తేలిక, లేనివి కొనడానికి జనం వెనకాడటం ఇప్పటికే మొదలైంది. మీ దగ్గర ఉన్న స్కాన్, రసీదు, పాత కవర్, అన్నీ నాణెంతో పాటే ఒకే డబ్బాలో ఉంచండి, ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పి ఉంచండి. రేపు అది ఇంకొకరి చేతికి వెళ్ళేటప్పుడు ఆ కాగితాలు పోతే మళ్ళీ ఎక్కడిదో తెలియని బిళ్ళ అయిపోతుంది.

తర్వాత నేను చూస్తున్నది ఆ అలెగ్జాండ్రియా నాణెమే, ఒకటీ నాలుగూ అంకెలున్నది. ధర దీని దరిదాపుల్లోనే ఉంది. ఇప్పటికి మంచివి కనిపించాయి కానీ పాత కాగితాలు ఉన్నది ఇంకా కనపడలేదు. మీలో ఎవరికైనా పాత ఈజిప్టు సేకరణల నుంచి వచ్చి, కేటలాగు పేజీ ఉన్నది తగిలితే చెప్పండి, అంకెలు రెండు వైపులా చదవగలిగితే చాలు, ముఖం ఎలా ఉన్నా నాకు ఫర్వాలేదు.